రెండు మూరలు

మన వీధి
జూన్ 6

అక్కకి,

ఇక్కడ నేను క్షేమం. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి మూడు వారాలైంది. పాత ఇల్లు దులిపి, ముందు గదిలో మంచం వేసుకున్నాను. పిల్లల పరీక్షలయ్యాక మీ మరదలు వస్తుంది. అందాకా నేనూ బల్లులూ.

మా ఆఫీసు పని ఏమిటో తెలిస్తే నవ్వుతావు. రోడ్డు వెడల్పు చేస్తారట. మన వీధిలో ఏ కట్టడం ఉంచాలో, ఏది తియ్యాలో లిస్టు రాయాలి. ఒక్కో కట్టడానికి ఒక్కో ఫారం. ఎవరు కట్టారు, ఎప్పుడు, ఏ కొలతల్లో, ఇప్పుడెవరు వాడుతున్నారు. డ్రాఫ్ట్స్‌మన్‌ని కాబట్టి టేపు నా చేతికిచ్చారు. పుట్టి పెరిగిన వీధే అయినా కొలిస్తేనే తెలిసింది, నేను దీన్ని ఎప్పుడూ చూడలేదని. దర్జీ వాళ్ళ కిటికీ గుమ్మం కంటే పెద్దది, కుట్టుకి వెలుతురు కావాలి కదా. మంత్రసాని తలుపుకి బయట గొళ్ళెమే లేదు. ఏ వేళప్పుడు పిలుపొచ్చినా తాళం వెతుక్కోకుండా పరిగెత్తేదట. మనుషులు అబద్ధం చెబుతారేమో గాని గుమ్మాలు చెప్పవు.

ఇక అసలు సంగతి. వచ్చే వారం హాలు కొలవాలి. నాన్న కట్టిన హాలు. మిల్లు మూతపడ్డ ఏడాది వీధి జనమంతా తలా ఇన్ని ఇటుకలు పోసి, పచ్చి ఇటుక మీద ఎవరి ఇంటి గుర్తు వాళ్ళు ఒత్తి ఇచ్చారని అమ్మ చెప్పేది. ఇప్పటికీ పొద్దున పేపరు చదివేది అక్కడే, పెళ్ళి మాటలు మాట్లాడుకునేది అక్కడే, తిట్టుకునేదీ అక్కడే. మూడు పక్కలా ఆ వెడల్పాటి అరుగు మీద చోటు దొరకాలంటే సాయంత్రం నాలుగింటికే వెళ్ళాలి.

వీధి సంఘం అధ్యక్షుడు గుర్తున్నాడా? ఇటుక బట్టీ ఆయన కొడుకు. ఏం కొన్నా రెండుసార్లు తూకం వేయిస్తాడని మనం 'తూకం' అనేవాళ్ళం. నిన్న నన్ను చూసి, "మీ నాన్న కట్టిన హాలు మీరే కొలుస్తారా? మంచిది, మంచిది" అన్నాడు. ఒక్క 'మంచిది' అయితే పోనీ అనుకునేవాణ్ణి. రెండోది నాకు గుచ్చుకుంది. వడ్రంగి మామయ్య అరుగు చివర కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే మొహం అటు తిప్పుకున్నాడు. మనతో ఆయనకి గొడవేమిటి?

అప్పుడు నాకు ఆరేళ్ళు, నీకు పన్నెండు. నీకు గుర్తుండాలి. లేకపోతే అమ్మని అడిగి రాయి. అమ్మకి ఆ పాత దగ్గు మళ్ళీ రాలేదు కదా? హాలు కట్టే రోజుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని ఎంత దగ్గేదో, అదొక్కటే నాకు బాగా గుర్తు.

నీ తమ్ముడు

*

కుట్టు షాపు, పై గది
జూన్ 15

తమ్ముడూ,

ఉత్తరం అందింది. నువ్వూ బల్లులూ కలిసి ఉన్నారంటే బల్లుల మీదే నాకు జాలి. వేళకి తిను.

ఇక్కడ పెళ్ళిళ్ళ బట్టలతో ఊపిరాడడం లేదు. దానికి తోడు మా డాక్టరమ్మ. మూడు మూరల లేసు కొనుక్కెళ్ళి, ఇంటికెళ్ళి కొలిచి, తక్కువైందని మళ్ళీ వచ్చింది. "నీ మూర పొట్టి" అని షాపులో అందరి ముందూ అంది. "నా చెయ్యి మా అమ్మ పోలిక, ఆవిణ్ణి అడగండి" అన్నాను. ఇంకో జానెడు ఇచ్చి పంపాను. ఏం చేస్తాం, సూదిమందు వేసే చెయ్యి ఆవిడది.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. హాలు సంగతి మాత్రం దాటేశాను. ఈ మధ్య అమ్మకి నిద్ర సరిగా పట్టడం లేదు. పాతవి తవ్వితే ఇంకా పట్టదు. దగ్గా? ఏ దగ్గూ లేదు. గుండ్రాయిలా ఉంది.

వడ్రంగి మామయ్య సంగతి నాకేం తెలుసు. పెద్దవాళ్ళకి వెయ్యి ఉంటాయి. తూకం మాటలు పట్టించుకోకు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఫారం నింపి, 'బాగుంది, ఉంచాలి' అని రాసి పంపెయ్. ముప్పై మూడేళ్ళుగా నిలబడ్డ గోడకి నీ టేపు సాక్ష్యం కావాలా?

అన్నట్టు, టేపుతోనే కొలుస్తున్నారా అన్నీ? అప్పటి ఒప్పందం కాగితం ఇంకా ఉందా? ఎవరి దగ్గరుంది?

అక్క

*

మన వీధి
జూలై 2

అక్కకి,

నీ ఉత్తరం చివరి మూడు ప్రశ్నలు మూడుసార్లు చదివాను. పట్టించుకోకు అన్నదానివి, కాగితం ఎవరి దగ్గరుందని ఎందుకడిగావు?

తూకం ఇంట్లో ఉంది. ఇనప్పెట్టెలోంచి తీసి, గుడ్డ మీద పరిచి, నేను ముట్టుకుంటే చినుగుతుందన్నట్టు పక్కనే నిలబడ్డాడు. 'హాలు పొడవు ముప్పై మూరలు, వెడల్పు పద్నాలుగు మూరలు, తలుపుల ఎత్తు అయిదు మూరలు.' కింద నాన్న వేలిముద్ర, పక్కన వీధి పెద్దల సంతకాలు. అరుగు మాటే లేదు.

మా ఆఫీసు పట్టికలో మూరకి పద్దెనిమిది అంగుళాలు. అంటే హాలు పొడవు నలభై అయిదు అడుగులు ఉండాలి. నలభై ఉంది. వెడల్పు ఇరవై ఒక్క అడుగులుండాలి. పద్దెనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు ఉంది. నాలుగుసార్లు కొలిచాను. టేపు మార్చి కొలిచాను. ఏ లెక్కన చూసినా కట్టుబడిలో అయిదో వంతు ఇటుక మిగిలి తీరాలి. ఆ ఇటుక ఏమైంది?

హాలు మొత్తంలో పట్టికకి సరిపోయింది అరుగొక్కటే. వెడల్పు సరిగ్గా మూడడుగులు, ఎత్తు సరిగ్గా అడుగున్నర. ఒప్పందంలో ఉన్నవన్నీ తక్కువ, లేనిదొక్కటీ లెక్క ప్రకారం. ఇదేం చిత్రం!

వడ్రంగి మామయ్య దగ్గరికి వెళ్ళాను. కర్ర పట్టుకుని లేచాడు. తరవాత నన్ను హాలు తలుపు దగ్గరికి లాక్కెళ్ళి, "కింద చూడరా" అన్నాడు. తలుపుకి పైన మూడు పలకలు నిండుగా ఉన్నాయి, కింద పలక సగమే ఉంది. ఎన్నేళ్ళు ఆ తలుపులోంచి వెళ్ళానో, ఒక్కరోజూ చూడలేదు.

"అయిదు మూరలన్నారు, అయిదు మూరలు చేశాను. పట్టుకొస్తే గుమ్మంలో పట్టలేదు. వీధి జనమంతా చూస్తుండగా మీ నాన్న ఏమన్నాడో తెలుసా? 'నీ తలుపే పొడుగు, కొయ్యి' అన్నాడు. నా చేత్తోనే నా తలుపుల కాళ్ళు నరికించాడు. ఆ తరవాత రెండేళ్ళు ఈ వీధిలో నాకెవడూ తలుపు పని ఇవ్వలేదు."

ఇదీ ఆయన గొడవ. ఆయన అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు.

అక్కా, నిజం చెప్పు. నాన్న హాలు ఎందుకు చిన్నది చేశాడు? మా ఇంజనీరు గారు కూడా పట్టిక చూసి కనుబొమ్మలు ఎత్తారు. "సొంత తండ్రి పని, జాగ్రత్తగా రాయండి, కప్పిపుచ్చారని అంటారు" అన్నారు. కొలతల్లో మోసం ఉందని తేలితే హాలు 'తియ్యాల్సినవి' లిస్టులోకి పోతుంది. తూకానికి కావలసిందీ అదే. ఆ స్థలంలో అంగళ్ళు కట్టాలని ఎప్పటి నుంచో చూస్తున్నాడట.

అమ్మని అడుగు. ఈసారి దాటెయ్యకు.

తమ్ముడు

*

కుట్టు షాపు, పై గది
జూలై 11

తమ్ముడూ,

ఇది తమ్ముడు అక్కకి రాసిన ఉత్తరంలా లేదు. పోలీసు స్టేషన్ నుంచి వచ్చినట్టుంది.

నాన్న దొంగ కాదు. ఈ ఒక్క ముక్క నా నోటితో అంటున్నాను, రాసుకో. అంతకన్నా అడక్కు. నాకు తెలుసు, చెప్పను. మాటిచ్చాను. నీకు చిన్నప్పుడే ఎందుకు చెప్పలేదంటావేమో, నీ నోట్లో నువ్వుగింజ నానేదా? ఇంట్లో కూర మాడితే వీధి చివరిదాకా నువ్వే చాటింపు వేసేవాడివి.

అమ్మకి చెప్పలేదు, చెప్పను కూడా. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. పోయినవాళ్ళని టేపు పెట్టి కొలవకూడదు.

బటన్లు అయిపోయాయి, బజారుకెళ్ళాలి. ఉంటాను.

అక్క

*

మన వీధి
జూలై 24

అక్కకి,

మాటిచ్చానన్నావు. ఎవరికి? నాన్నకా? కూతురి దగ్గర మాట తీసుకుని కొడుకు దగ్గర దాచేంత విషయం ఏముంటుంది, చెప్పుకోలేనిది తప్ప?

ఇంకో సంగతి విను. మన పెరటి గుమ్మం దగ్గర మెట్టు ఉంది కదా. పెద్ద మెట్టు కింద ఇంకో చిన్న మెట్టు, కాలికి అడ్డంగా. మొన్న వానకి దాని గిలాబా ఊడింది. గీకి చూశాను. నాలుగు ఇటుకలు. ఒకదాని మీద దర్జీ వాళ్ళు వేలికి తొడుక్కునే అంగుస్తాను గుర్తు. ఒకదాని మీద మేకు తల, వడ్రంగి వాళ్ళది. మూడోదాని మీద బొటనవేలు, మంత్రసానిది. నాలుగోది అరిగిపోయింది. హాలు ఇటుకలు, మన ఇంట్లో!

గీకిన చోట మళ్ళీ మట్టి పూశాను. ఎవరైనా చూస్తారేమోనని. పూస్తుంటే నాకే సిగ్గేసింది. దొంగ కొడుకు దొంగ పనే చేస్తున్నాడనిపించింది. నాలుగు కంటికి కనపడ్డవి. వెనక గది గోడలో ఎన్నున్నాయో, గిలాబా మొత్తం ఊడగొడితే గాని తెలీదు. ఊడగొట్టాలంటే భయంగా ఉంది.

నిజం చెబుతున్నాను, నిన్ను కూడా అనుమానిస్తున్నాను. నా ఉత్తరాల్లో నువ్వు అమ్మకి ఏది చదువుతున్నావో, ఏది మింగుతున్నావో నాకు తెలీదు. అమ్మ మాటలని నువ్వు రాసేవి అమ్మవో నీవో తెలీదు.

ఆగస్టు 20న సంఘం సమావేశం. ఆ రోజు హాలు ఫారం చదివి సంతకం పెట్టాలి. అప్పటికి నీ నుంచి ఏమీ రాకపోతే, 'ఒప్పందం ప్రకారం కట్టలేదు, ఇటుకలకి లెక్క లేదు' అని రాస్తాను. హాలు పోతుంది, నాన్న పేరూ దానితో పాటే పోతుంది. ఆ రాసిన చెయ్యి నాదే అవుతుంది. నాకు వేరే దారి చూపించు.

తమ్ముడు

*

కుట్టు షాపు, పై గది
ఆగస్టు 3

తమ్ముడూ,

నేను దాచినా దేవుడు దాచలేదు. దేవుడు కూడా కాదు, డాక్టరమ్మ. నేను ఇంకోసారి బటన్ల కోసం బజారుకెళ్ళిన సమయంలో నీ ఉత్తరం వచ్చింది. ఆవిడ మళ్ళీ లేసు తక్కువైందని వచ్చి కూర్చునుంది. "మా అబ్బాయి రాశాడు, కాస్త చదివి పెట్టమ్మా" అని అమ్మ అడిగింది. ఆవిడ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గడగడా చదివేసింది. 'దొంగ కొడుకు' దగ్గర మాత్రం గొంతు తగ్గించిందట.

నేనొచ్చేసరికి అమ్మ కాగితం, కలం ముందు పెట్టుకుని కూర్చుంది. "కూర్చో. నేను చెబుతాను, నువ్వు రాయి. ఒక్క ముక్క మార్చావంటే ఆ డాక్టరమ్మనే పిలుస్తాను" అంది. ఇక కింద రాసేది అమ్మ మాట. నాది అక్షరం మాత్రమే.

ఒరేయ్, పెద్ద ఆఫీసరూ. చేతిలో టేపుంది కదా అని మీ నాన్నని దొంగని చేస్తావా? అడ్డాల నాడు బిడ్డలు గాని గడ్డాల నాడు బిడ్డలా అని ఊరికే అనలేదు. సరే, నీ తప్పేం లేదులే. చెప్పకపోవడం మా తప్పు. విను.

హాలు కట్టేనాటికే మీ నాన్నకి కళ్ళు లేవు. హాలయ్యాకే పోయాయని వీధికీ నీకూ చెప్పుకున్నాం. అంతకు ముందు రెండేళ్ళ నుంచే పోతున్నాయి. మొదట సాయంత్రాలు కనపడలేదు. తరవాత పక్కన నిలబడ్డ మనిషి కనపడలేదు. హాలు ఒప్పుకునే నాటికి ఎదురుగా ఉన్న మనిషి కూడా నీడలాగే ఉండేవాడు. ఇల్లు గడవాలి, చేతిలో ఇంకో పని లేదు. గుడ్డి మేస్త్రికి గోడ ఎవడిస్తాడు? నేను రోజూ తట్టలు మోసేదాన్నే కదా, ఆయన పక్కనే ఉండేదాన్ని. గోడ పైకి పోవాలంటే ఒకసారి దగ్గేదాన్ని. కిందికి కావాలంటే రెండుసార్లు. దారం తప్పితే మూడు. ఆయన తడిమి చూసి సరిచేసేవాడు. "మేస్త్రి గోడని చేత్తోనే చదువుతాడు" అని జనం మెచ్చుకునేవాళ్ళు. మంత్రసాని పాపం నా దగ్గుకి రోజూ కషాయం తెచ్చిచ్చేది. చేదు. దగ్గు లేదని చెప్పలేక నాలుగు నెలలు తాగాను.

పునాది గీత గీసింది నేను. ఎవరూ రాకముందే తెల్లవారగట్ల వెళ్ళి, దారం పట్టి, నా చేత్తో మూరలేసి గీశాను. ఆ చివర దారం పట్టుకుంది మీ అక్క. నా మూర పొట్టిదని నాకు తట్టలేదు. ఎవరి మూర వాళ్ళకి మూరే కదరా! మీ నాన్న చెయ్యి అయితే ముప్పై పెద్ద మూరలు పడేవి. నా చెయ్యి కాబట్టి ముప్పై చిన్నవి పడ్డాయి. నేనేం మింగలేదు. నా చెయ్యి అంతే.

అది తెలిసింది వడ్రంగి అన్నయ్య తలుపులు తెచ్చిన రోజు. అప్పటికి గోడలు గుమ్మం దాటి లేచాయి. మీ నాన్న తలుపు పట్టుకుని పైనుంచి కిందికి తడిమాడు. తరవాత గుమ్మాన్ని తడిమాడు. నా వైపు తిరిగాడు. నేను దగ్గలేదు. ఏమని దగ్గను? ఆయనకి అంతా అర్థమైపోయింది. నిజం చెబితే కళ్ళ సంగతి బయటపడుతుంది. అందుకని, "నీ తలుపే పొడుగు, కొయ్యి" అన్నాడు. మీ నాన్న చేసిన పాపం అదొక్కటే. ఇటుకలు కాదు. ఒక పనివాడి చెయ్యి తప్పని నలుగురిలో అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఇటుకలు ఏమయ్యాయంటావు. వీధి జనం పెద్ద మూరకి లెక్కగట్టి పోశారు, గోడ చిన్న మూరకి తిన్నది. మిగలవా? కుప్ప మిగిలింది. ఎక్కడ పెట్టాలి? పెరట్లో పెడితే నువ్వన్నట్టు దొంగలమే. తిరిగి ఇద్దామంటే ఎందుకు మిగిలాయని అడుగుతారు. మీ నాన్న రాత్రంతా ఆలోచించి, "వాళ్ళ ఇటుక వాళ్ళ కిందే ఉండాలి" అన్నాడు. అదీ అరుగు. మామూలుగా అరుగుకి చుట్టూ ఇటుక కట్టి లోపల మట్టీ రాళ్ళూ పోస్తారు. అది నీకు తెలిసే ఉండాలి, అంత చదివావు. ఆ అరుగు మూల ఒకటి విప్పి చూడు. లోపల మట్టి గుప్పెడు దొరికితే నన్నడుగు.

ఇక ఆ మెట్టు. ఆ నాలుగు ఇటుకలూ నేనే తెచ్చాను. ఎవరినీ అడగలేదు. పెరటి గుమ్మం ఎత్తుగా ఉండి మీ నాన్న పొద్దుకి రెండుసార్లు పడేవాడు. మోకాళ్ళు పగిలేవి. అందుకని సగం మెట్టు వేశాను. అది దొంగతనమే. నాలుగు ఇటుకలు. నీ ఫారంలో చోటుంటే రాసుకో.

ఆయన ఉన్నన్నాళ్ళూ చెప్పొద్దని మాటిచ్చాను, మీ అక్క చేత కూడా ఇప్పించాను. ఆయన పోయాక ఎవరూ అడగలేదు. అడగని దానికి చెప్పేదేముంది?

నువ్వు ముందు సంఘానికి వెళ్ళకు. వడ్రంగి అన్నయ్య దగ్గరికి వెళ్ళు. మీ నాన్న తరఫున నేను తప్పు ఒప్పుకున్నానని చెప్పు. తరవాతే ఎవరితోనైనా.

ఇంతవరకూ అమ్మ. తరవాత చెయ్యి చాపి, "కొలువు" అంది. మోచేతి నుంచి నడివేలి చివర దాకా దారం పట్టి కత్తిరించాను. ఇందులో పెట్టాను, జాగ్రత్త. లేసు కట్ట పక్కనున్న టేపుతో కొలిచాను కూడా. పదహారు అంగుళాలు. తరవాత నాది కొలుచుకున్నాను. నాదీ అంతే. డాక్టరమ్మకి నేను మొత్తం నాలుగు జానల లేసు బాకీ ఉన్నానన్న మాట.

నన్ను అనుమానించావని కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు. ఉత్తరం రాయి, పోతుంది.

అక్క

*

మన వీధి
ఆగస్టు 22

అక్కకి, అమ్మకి,

ఈ ఉత్తరం మొత్తం చదువు. ఏదీ మింగకు. కావాలంటే డాక్టరమ్మని కూడా కూర్చోబెట్టు.

దారం అందిన పూటే హాలుకి వెళ్ళాను. టేపు ఇంట్లో వదిలేశాను. గోడ వెంట దారం వేసుకుంటూ పోయాను. ముప్పై. వెడల్పు పద్నాలుగు. అంగుళం తేడా లేదు. ఉన్న పొడవుని ముప్పై పెట్టి ఒక్కసారి భాగించి ఉంటే, మూరకి పదహారు అంగుళాలని ఇంట్లోనే తేలేది. అన్నీ ఒకే పాళ్ళలో తగ్గాయంటే దొంగ పని కాదు, కొలబద్ద వేరని చూడగానే తట్టాలి. మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తడుతుంది. నాకు తట్టలేదు. ఎందుకంటే నేను కొలతలు వెతకలేదు, తప్పు వెతికాను.

తరవాత వడ్రంగి మామయ్య ఇంటికి. అమ్మ మాట చెప్పాను. ఆయన దారం నా చేతిలోంచి తీసుకుని, కర్ర పట్టుకుని, తలుపు దాకా నడిచాడు. తలుపు మీద దారం వేశాడు. అయిదు. మళ్ళీ వేశాడు. అయిదు. ఆ దారాన్ని తన చేతి పక్కన పెట్టి చూసుకున్నాడు.

"ముప్పై మూడేళ్ళు. నా చెయ్యే తప్పిందేమో అనుకున్నాన్రా. ఆ తరవాత ఏ తలుపు చేసినా రెండుసార్లు కొలిచేవాణ్ణి. నా కొడుకులు నవ్వేవాళ్ళు. తప్పలేదు కదూ?"

"తప్పలేదు మామయ్యా."

కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి, "మీ నాన్నతో మాట మానేశాను. తెలిసుంటే మీ అమ్మతో మానేసేవాణ్ణి" అన్నాడు. నవ్వాడు కూడా. "ఆ దగ్గు నిజం కాదా? దొంగ దగ్గా! నేను తేనె పంపించాను కూడా" అన్నాడు.

సమావేశంలో అంతా చెప్పాను. నాన్న కళ్ళ సంగతీ చెప్పాను. తూకం లేచి, "కథ బాగుంది. రుజువేది?" అన్నాడు. అప్పుడు వడ్రంగి మామయ్యే గునపం తెప్పించి, తను కూర్చునే చోటే, అరుగు మూల విప్పించాడు. లోపల మట్టి లేదు. ఇటుక మీద ఇటుక, వరసలు తప్పకుండా, సున్నంతో కట్టి ఉంది. కనపడని చోట కూడా అంత చక్కగా కట్టాడు నాన్న. ముసలివాళ్ళందరూ వంగి ఎవరి ఇంటి గుర్తు వాళ్ళు వెతుక్కున్నారు. మంత్రసానికి తన వేలు దొరికింది. ఇప్పటి బొటనవేలు అందులో పెట్టి చూసుకుంది, సరిపోయింది. తూకం ఒక ఇటుక తీసి చేత్తో రెండుసార్లు తూచాడు. పాత అలవాటు. "రిపోర్టు చూశాక మాట్లాడతా" అని వెళ్ళిపోయాడు. ఆయన అంతకంటే మారడు.

ఇప్పుడు ఫారం. 'కట్టినవారు' అన్న చోట మొదట 'మేస్త్రి, ఆయన భార్య' అని రాశాను. మామయ్య చూసి, "భార్య గోడ కట్టదురా, మేస్త్రి కడుతుంది" అన్నాడు. కొట్టేసి, 'మేస్త్రి, మేస్త్రి' అని రాశాను. ఇంజనీరు గారు పొరపాటున రెండుసార్లు పడిందనుకుని అడిగారు. కాదని చెప్పాను. 'కొలతల ప్రమాణం' అన్న చోట, 'మూర, పదహారు అంగుళాలు, మా అమ్మది' అని రాశాను. హాలు 'ఉంచాల్సినవి' లిస్టులోకి వెళ్ళింది. రోడ్డు అరుగు దాకా వచ్చి పక్కకి తిరుగుతుంది.

మెట్టు మళ్ళీ గీకాను. మట్టి పూయను. ఇటుకలు కనపడేట్టే ఉంచుతాను. గుర్తున్న మూడు ఇటుకలకీ ఆ మూడు ఇళ్ళవాళ్ళనీ అడిగాను. ఉంచుకోమన్నారు. అరిగినదాని మీద గుర్తు ఎవరిదో తేలలేదు, అందుకని దానికి వీధి మొత్తాన్ని అడిగాను.

అమ్మా, నిన్ను అడగకుండా నాన్నని అనుమానించాను. క్షమించు. అక్కా, నువ్వు కూడా.

ఒక్కటి మాత్రం ఇంకా తెగలేదు. అరుగు దారానికి సరిపోవట్లేదు. వెడల్పు మూడడుగులు, ఎత్తు అడుగున్నర. అమ్మ మూరతో వేస్తే రెండు మూరలు దాటి నాలుగంగుళాలు మిగులుతోంది. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంచాను. ఇది అనుమానం కాదు, ఊరికే అడుగుతున్నా.

నీ కొడుకు, నీ తమ్ముడు

*

కుట్టు షాపు, పై గది
సెప్టెంబర్ 1

తమ్ముడూ,

కోపం పోయింది. డాక్టరమ్మ కూడా కూర్చుని విన్నది. బాకీ లేసు ఇస్తే వద్దని, ఆ మూరతోనే ఇంకో రెండు కొనుక్కెళ్ళింది.

'మేస్త్రి, మేస్త్రి' అన్న చోట అమ్మ మళ్ళీ చదవమంది. మూడోసారీ చదవమంది. "వాడికి చేతిరాత బాగుంటుంది" అని మాత్రం అంది. నాలుగో ఇటుక తనదేనట. తన గుర్తు ఒత్తడానికి ఏమీ దొరక్క మోచెయ్యి ఆనించిందట. అందుకే అరిగినట్టుంటుంది.

అరుగు సంగతి అడిగాను. నవ్వింది. తరవాత చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"సరిపోదురా. అది నా మూర కాదు, మీ నాన్నది. వెడల్పు రెండు మూరలు, ఎత్తు ఒకటి. హాలయిపోయాక నన్ను ఎదురుగా నీడలో కూర్చోబెట్టి, 'ఇది నేలకి దగ్గర, దీనికి కళ్ళక్కర్లేదు, నేను కడతాను' అన్నాడు. తన మోచెయ్యి ఆనించి కొలుచుకుంటూ, తడుముకుంటూ, ఒక్కడే మూడు పక్కలా కట్టాడు. నెల పట్టింది. ఆ నెల్లాళ్ళూ నేను ఒక్కసారి కూడా దగ్గలేదు."

అక్క